మూతపడిన లాప్‌టాపు – నలువదియెనిమిది అంకెలు



2024వ సంవత్సరము జూలై 19వ తేది శుక్రవారమునాడు శంషాబాదు విమానాశ్రయమునందు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇయ్యబడినవి. హైదరాబాదునుండి కలకత్తాకు బోవు ప్రయాణికుడొకడు అట్టి చీటిని ఛాయాచిత్రము దీసి లోకమునకు జూపగా పత్రికలు దానిని బ్రకటించినవి. నాబోటి బడిపంతులు అట్టి బొమ్మను జూచినప్పుడు మొదట దస్తూరినే పరీక్షించును. వార్త తరువాతి మాట. దస్తూరి చదువదగినదిగనే యున్నది. అంతట కారణమును విచారించితిని.

కారణము విచిత్రమైనది. ఆనాడు యంత్రములను జెరచినవాడు దొంగ కాడు, కావలివాడు. క్రౌడ్‌స్ట్రైకు అను అమెరికా సంస్థవారు ఫాల్కను అను రక్షణ సాఫ్టువేరును పెద్దపెద్ద సంస్థల కంప్యూటరులలో నెలకొల్పియుందురు. చొరబాటుదారులను గనిపెట్టుటయే దాని పని. ఆనాటి ప్రొద్దున మన కాలమానముచొప్పున 9 గంటల 39 నిమిషములకు వారు ఒక చిన్న ఫైలును లోకమంతటికిని బంపిరి. తప్పు తెలిసికొని 78 నిమిషములలో దానిని వెనుకకు దీసికొనిరి గాని, యంతలోపలనే మైక్రోసాఫ్టువారి యంచనాచొప్పున 85 లక్షల యంత్రములు నీలితెర వేసికొని కూలబడినవి. ఆ ఫైలును జదువు భాగమునకు ఇరువది విషయములు మాత్రమే యందుచుండగా ఇరువదియొకటవదానిని జదువుమని ఫైలులో నున్నది. ఇరువది విస్తళ్లు వేసిన పంక్తిలో ఇరువదియొకటవ విస్తరిని వెదకుచు, వడ్డించువాడు అరుగుమీదినుండి క్రింద బడినట్లయినది. అతడు వంటయింటికి మూలస్తంభము వంటివాడగుటచే ఇల్లంతయు నతనితోనే కూలినది.

చికిత్స మాత్రము సులభమే. యంత్రమును సేఫ్‌మోడు అను మితావస్థలో దెరచి, 291 అను సంఖ్య గల ఆ ఫైలును దీసివేసిన జాలును. కాని యా పని యొక్కొక్క యంత్రమువద్ద గూర్చుండి చేతితో జేయవలసినది. అంతకుమించిన చిక్కు మరియొకటి గలదు. పెక్కు యంత్రములయందు డిస్కు సమస్తమును బిట్‌లాకరు అను తాళముచే గూఢలిపిగా మార్చబడియుండెను. వాని సేఫ్‌మోడులోనికి బోవలయునన్నచో తెర నలువదియెనిమిది అంకెల సంఖ్య నడుగును. ఇండ్లవద్ద గూర్చుండి పనిచేయు ఉద్యోగులకు ఆ యంకెలను టెలిఫోనులో జెప్పవలసివచ్చినది. నేటి నా ప్రసంగము ముఖ్యముగా ఆ నలువదియెనిమిది యంకెలను గూర్చియే.

వానితో నాకు బరిచయము గల్గించినది నా మిత్రుని లాప్‌టాపు. ఆయనయు నేనును దేవరకొండలో నొకే పాఠశాలయందు బెక్కేండ్లు పనిచేసితిమి. ఆయన లెక్కల పంతులు, నేను తెలుగు పంతులను. అయినను తెలుగుమాటల పిచ్చి నాకంటె నాయనకే మిక్కుటము. ఇరువదియేండ్లకుపైగా నల్లగొండ, పాలమూరు పల్లెలు దిరిగి, రైతులును, కైకిలి పోవు స్త్రీలును, గొల్లలును, సాలెలును బలుకు మాటలను గూర్చుచు వచ్చెను. దూప, పైలము, తొవ్వ, కందీలు మున్నగునవి యందరెరిగినవి. కాని మోట తోలు నొక వృద్ధుడు తోలుబొక్కెనకు, తొండమునకు, గిరకకు, మోకునకు సంబంధించి చెప్పిన పలుకులు ఏ నిఘంటువునందును నేను జూడలేదు. మోటలు పోయినవి, ఆ వృద్ధుడును బోయినాడు. మొదటి నోటుబుక్కులను జెదలు దినివేసినవి. మిగిలినదానిని మిత్రుడు లాప్‌టాపులో జేర్చి, నోటుబుక్కుల పెట్టెను బంధువుల కిచ్చివేసెను. ఆ పెట్టె యిప్పుడెక్కడనున్నదో వారే యెరుగరు.

గడచిన వానకాలమున ఇంటిపైకప్పు కారి లాప్‌టాపులో నీరు చేరినది. మరమ్మతు దుకాణమువారు లోపలి మదరుబోర్డును మార్చి, యంత్రము బాగైనదని యిచ్చిరి. ఇంటికి దెచ్చి మీట నొక్కగా నీలితెరమీద రికవరీ కీ నిమ్మను ప్రశ్న తప్ప మరేమియు రాదు. ఆయన రాత్రి తొమ్మిదిగంటలకు నాకు ఫోను చేసి యన్నమాట యిది: “అన్నా, దుకాణపు పిల్లగాడు ఫార్మాటు కొడ్తే ఐపోతదంటున్నడు. ఐపోవుడు నిజమే గని, ఏమైపోతదో వానికి తెల్వది.”

ఫార్మాటు చేయుట యన, ఇల్లు తెరచుటకు మారుగా ఇంటిలోని సామానంతయు దగులబెట్టి ఖాళీ యిల్లప్పగించుటయే. అంతవరకు దుకాణపు బాలుడు అబద్ధమాడలేదు. మరునాడు పొరుగింటి ఇంజనీరింగు విద్యార్థి యొకడు వచ్చి, పెన్‌డ్రైవుతో లైనక్సును నడిపించి డిస్కును జదివెదనని ధైర్యము చెప్పెను. వాని మాటలోను గొంత సత్యము గలదు గనుక ఈ తాళముల తారతమ్యమును గొంచెము వివరించెదను.

యంత్రము తెరచునప్పుడు మన పేరును, పాస్‌వర్డును అడుగు తాళము వీథితలుపునకు వేసిన గొండివంటిది. డిస్కులోని వ్రాతలు సాదాగా నున్నచో, ఆ డిస్కును ఊడదీసి వేరొక యంత్రమునకు దగిలించినను, పెన్‌డ్రైవునుండి వేరొక వ్యవస్థను నడిపినను అవి చదువబడును. పాతయంత్రములలో నట్లు పెక్కుర పత్రములు బయటపడినవి. రెండవది బయాసు పాస్‌వర్డు. ఇది యంత్రము మేల్కొనకమునుపే యడుగును. పూర్వము లోపలి నాణెమువంటి బ్యాటరీని దీసి కొంతసేపుంచిన అది మరచిపోయెడిది. నేటి లాప్‌టాపులలో దానిని మరపెరుగని చిప్పులో దాచుచున్నారు. మూడవదియే బిట్‌లాకరు. ఇది తలుపునకు వేసిన తాళము గాదు. ఇంటిలోని ప్రతి గ్రంథమును ప్రత్యక్షరము మార్చివ్రాసిన గూఢలిపి. తలుపు పగులగొట్టి లోనికి బోయినను మీకు దొరకునది అర్థములేని యక్షరముల కుప్ప. విద్యార్థి పెన్‌డ్రైవు దెచ్చి చూచినాడు, ఆ కుప్పయే కనబడినది. వాడు వినయశీలుడు గనుక వెంటనే యొప్పుకొనెను.

గూఢలేఖనము మనకు గ్రొత్త గాదు. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పమను నొకటి యిదియే. కౌటిల్యుడును చారుల గూఢలేఖ్యములను బ్రస్తావించెను. అయితే పూర్వులు లిపిమార్చు పద్ధతినే రహస్యముగా నుంచెడివారు. 1883లో కెర్కాఫ్సు అను డచ్చి పండితుడు మరియొక సిద్ధాంతము చేసెను: పద్ధతి శత్రువునకు దెలిసినను నష్టములేకుండవలెను, తాళపుచెవి యొక్కటియే గుట్టుగానుండవలెను. నేటి బిట్‌లాకరులోని ఏ.ఇ.ఎస్. పద్ధతి అట్టిదే. బెల్జియము దేశీయులైన డేమను, రైమను అనువారు దానిని రచింపగా 2001లో అమెరికా ప్రమాణసంస్థవారు అంగీకరించిరి. అది అష్టాధ్యాయివలె బహిరంగమైన శాస్త్రము; ఎవరైనను జదువుకొనవచ్చును. చదివినంతమాత్రమున తాళము తెరచుకొనదు.

ఊహించి ఊహించి సరియైన సంఖ్యను బట్టరాదా యని మిత్రుడు లెక్కలపంతులు గనుక అడిగెను. తరువాత తానే లెక్కగట్టెను. ఆ నలువదియెనిమిది యంకెలు ఎనిమిది గుంపులు, గుంపునకు ఆరంకెలు. ఒక్కొక్క గుంపు 65,536 విధములుగా నుండవచ్చును. అట్టివి ఎనిమిది గుణింపగా వచ్చు సంఖ్య ముప్పదితొమ్మిది యంకెలది. మన భాస్కరాచార్యుడు లీలావతిలో సంఖ్యాస్థానములను బరార్ధమువరకు జెప్పి యాపెను. పరార్ధమన ఒకటి తరువాత పదునేడు సున్నలు. ఆ పరార్ధమును మరల పరార్ధముచేతనే గుణించి, వచ్చినదానిని ముప్పదినాలుగువేలతో గుణించినచో, ఇంచుమించుగా ఆ సంఖ్య యగును. క్షణమునకు కోటి తాళపుచెవులు తిప్పి చూచువాడు దొరకినను మన యుగములు చాలవు. “ఐతే తాళం పగలదు, చెవి దొరకాలె,” అని ఆయన కాగితము మడచి జేబులో నుంచుకొనెను.

మరి యా చెవి యెచ్చటనున్నది? అసలు తాళమెవరు వేసిరి? మిత్రుడు తన జన్మములో నట్టి తాళము వేయలేదు. ఇచ్చటనే యీ విషయమునందలి ముఖ్యమైన మర్మమున్నది. ఇప్పటి విండోసు 11 యంత్రములలో బెక్కింటియందు, మొదటిసారి మైక్రోసాఫ్టు ఖాతాతో బ్రవేశించినంతనే డిస్కు తనంతట గూఢలిపిగా మారును. మారితినని గట్టిగా జెప్పదు. 2024లో వచ్చిన మార్పుతో నిట్టి యంత్రముల సంఖ్య మరింత పెరిగినది. నిత్యవ్యవహారమునకు వలసిన చెవి మదరుబోర్డులోని టీపీఎం అను చిప్పు వశమున నుండును. అది ప్రతిదినమును యంత్రము మేల్కొను తీరును గొలిచి చూచి, నిన్నటివలెనే యున్నచో మాటాడక చెవి నందించును. కొలత మారినచో నీయదు. మదరుబోర్డే మారినప్పుడు పాత చిప్పు దానితోనే పోయినది. క్రొత్త చిప్పునకు మన ముఖము దెలియదు. ఇక మిగిలినది రికవరీ కీ యొక్కటే. దాని ప్రతి యా యంత్రమును మొదట తెరచినవారి మైక్రోసాఫ్టు ఖాతాలో వ్రాయబడియుండును.

మొదట తెరచినవాడు మిత్రుని మనుమడు. వాడే యాలాప్‌టాపును గొని యిచ్చి, తాత కెందుకీ బాదర యని తన ఖాతాతోనే ప్రవేశించి, ఇప్పుడు డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చట తెల్లవారువేళకు, ఇచ్చట మాకు సందెదీపముల వేళకు, వానితో ఫోను కలిసినది. తెరమీద కీ ఐడీ యని కొన్ని యక్షరములు కనబడును. వానిలో మొదటి యెనిమిదిని వాడు తన ఖాతాలోని పట్టికతో సరిచూచుకొని, అంకెలు చదువ మొదలిడెను. మిత్రుని భార్య వ్రాసికొనుచుండెను. మిత్రుడు మీటలు నొక్కుచుండెను. నేను కళ్లద్దములు తుడుచుకొనుచుంటిని. నాకు వేరు పని లేదు.

మూడవ గుంపువద్ద యంత్రము తప్పని చెప్పెను. ఇది చూచి మిత్రుడు భయపడలేదు, సంతోషించెను! ప్రతి గుంపును పదునొకండుచే నిశ్శేషముగా భాగింపబడునట్లు ఏర్పాటున్నది. ఉదాహరణమునకు 135795 అను గుంపును దీసికొందము. ఒకటి విడిచి యొకటిగా కూడిన 1, 5, 9 మొత్తము 15. మిగిలిన 3, 7, 5 మొత్తమును 15. రెండును సమానములు గనుక అది పదునొకండుచే భాగింపబడును. ఒక్క యంకె మారినను, ప్రక్కప్రక్కనున్న వేరువేరంకెలు రెండు తారుమారైనను సమత్వము చెడును. ఈ సూత్రమును ఆయన ముప్పదియేండ్లు బడిలో జెప్పినాడు. అదియే వచ్చి తన యింటితలుపు తట్టుచున్నదని యాయన మురిసిపోయెను. విచారింపగా మనుమడు ఇంగ్లీషులో నైన్ అన్నది అవ్వకు ఫైవ్ అని వినబడినది. “తొమ్మిది అనరాదా బిడ్డా, ఐదుకు తొమ్మిదికి ఎన్నడన్న తగాద వచ్చిందా?” అని యామె మందలించెను. అటుపిమ్మట తెలుగు అంకెలతోనే పని జరిగినది. ఎనిమిదవ గుంపు ముగియగానే తెర మారినది. పదముల ఫైలు యథాతథముగా నున్నది. మిత్రుడు మోట అను మాటను వెదకి, దానిక్రింది పలుకులను జదువుకొని, కొంతసేపటివరకు మాటాడలేదు.

ఆ రాత్రియే ఫైలుయొక్క ప్రతులు రెండు వేరుడిస్కులలోనికి బోయినవి. ఒకటి నా యింటనున్నది. అంకెల కాగితము పట్టాదారు పాసుపుస్తకములోనికి బోయినది. ఆ కాగితమును లాప్‌టాపు అడుగుననే యతికింతునని యాయన పట్టుబట్టగా, తాళపుచెవిని తాళమునకే కట్టిపెట్టుట యేమి న్యాయమని యామె యొప్పుకొనలేదు. నేను గటపయాది సంఖ్యను సూచించితిని. కాది నవ, టాది నవ, పాది పంచ, యాద్యష్టముగా అక్షరములకు అంకెలు గల్పించు ఆ పద్ధతి సంగీతజ్ఞుల కెల్లరకు దెలిసినదే: ధీరశంకరాభరణమను పేరులో ధీ తొమ్మిది, ర రెండు, వామగతిని జదువగా ఇరువదితొమ్మిదవ మేళము. అనుష్టుప్పున పాదమునకెనిమిది యక్షరములు గదా. నలువదియెనిమిది యంకెలు శ్లోకమున్నరలో నిముడును. మూడు దినములు శ్రమించి రచించితిని. ఛందస్సు నిలిచినది, అర్థము మాత్రము సభలో జదువదగినది గాదు. మిత్రుడు దానిని విని, “కాగితమే నయమన్నా,” అనెను.

ఈ సంగతి యూరిలో బ్రాకి, నేనేదో తాళములు దెరచు విద్య నేర్చితినని కొందరనుకొనిరి. ఒక బంధువు తన యల్లుని లాప్‌టాపును సంచిలో బెట్టుకొని వచ్చెను. అల్లుడు ఉద్యోగము మానినాడు గాని కార్యాలయమువారి యంత్రమును దిరిగి యీయలేదు. అందలి రక్షణ సాఫ్టువేరును దీయించి పిల్లవాని చదువునకు బెట్టుదమని వారి యాలోచన. నేనా సంచిని విప్పనైనను లేదు. నా మిత్రుని విషయమున యంత్రము తనది, వ్రాతలు తనవి, చెవి తన మనుమనిది. ఇచ్చట యంత్రమును మరియొకరిది, లోపలి పత్రములును మరియొకరివి. సమాచార సాంకేతిక చట్టము, 2000లో 43వ సెక్షను యజమానియొక్కగాని అధికారియొక్కగాని యనుమతి లేక కంప్యూటరును దెరచుటను దోషముగా జెప్పుచున్నది. దురుద్దేశముతో నట్లు చేసినచో 66వ సెక్షనుచొప్పున మూడేండ్లవరకు కారాగారము, అయిదులక్షలవరకు జరిమానా, లేక రెండును. బంధువునకు గోపము వచ్చినది. “మీరు పెద్దలు, మాకు సాయపడుదురనుకొంటిమి” అనెను. సాయమనునది యంత్రమును వారికే పంపివేయుమని చెప్పుటయే యని బదులిడితిని. రెండు నెలలు మాటలు లేవు. దసరాకు జమ్మియాకుతో వచ్చినాడు.

సికింద్రాబాదు పార్కులేను మొదలగు చోట్ల పాతయంత్రములను గొనువారు ఈ విషయమున జాగ్రత్తపడవలెను. చవకగా దొరకు మంచి లాప్‌టాపులు పెక్కులు కార్యాలయములనుండి వచ్చునవియే. వానిలో గొన్నిటియందు కంప్యూట్రేసు, ఇప్పుడు ఆబ్సల్యూటు అను కావలి బీజము ఫర్ముఁవేరులోనే నాటబడియుండును. అది పనిచేయునట్లు చేయబడియున్నచో డిస్కును మార్చినను, విండోసును మరల నెక్కించినను తిరిగి మొలచును, తుంగగడ్డవంటిది. మరికొన్ని యంత్రములు సంస్థల పట్టికలో నమోదై యుండును. వానిని శుభ్రముగా దుడిచి ఇంటర్నెట్టుకు గలిపినంతనే ఫలానా సంస్థవారి యుద్యోగిగా బ్రవేశింపుమని తెర యడుగును. ఆ నమోదును దీసివేయగలది యా సంస్థ యొక్కటే. కావున సొమ్ము చెల్లింపకముందే దుకాణములోనే యంత్రమును రీసెట్టు చేయించి, ఇంటర్నెట్టుకు గలిపి, మొదటినుండి తుదివరకు తెరచి చూడవలెను. దుకాణదారుడు విసుగుకొన్నచో మరియొక దుకాణమున్నది.

ఇదే గూఢలిపి విద్య దొంగలచేత బడిన నెట్లుండునో 2017 మే నెలలో మనవారు చూచిరి. వానాక్రై అను దుష్టసాఫ్టువేరు లోకమంతటను యంత్రములలోని ఫైళ్లకు దాళము వేసి సొమ్మడిగినది; ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటరులును గొన్ని దానివాత బడినవి. చెవి దొంగచేతనున్నప్పుడు మనకు మిగులునది వేరుగా దాచుకొన్న ప్రతియే. తాళము తీసెదము, ఎనీడెస్కు పెట్టుకొనుడు, ఓటీపీ చెప్పుడు అని ఫోను చేయువారును ఆ జాతివారే. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫిర్యాదు చేయవలెను.

మీ యింట లాప్‌టాపు ఉన్నచో ఈ రాత్రియే తెరచి, సెట్టింగులలో ప్రైవసీ, సెక్యూరిటీ అనుచోట డివైసు ఎన్‌క్రిప్షను అను పేరున్నదా, అది నడచుచున్నదా చూడుడు. నడచుచున్నచో దానిని మొదట తెరచినది ఎవరి ఖాతాయో కనుగొనుడు. కొడుకుదా, కోడలిదా, దుకాణపు కుర్రవానిదా యన్న ప్రశ్నకు చాల యిండ్లలో వెంటనే సమాధానము రాదు. తెలిసిన పిమ్మట నలువదియెనిమిది యంకెలను సిరాతో వ్రాసి, ఒక్కొక్క గుంపును పదునొకండుచే భాగించి సరిచూచి, లాప్‌టాపు సంచిలో గాక వేరుచోట నుంచుడు. ఇంటిలో నింకొకరికైన ఆ చోటు తెలియవలెను.

మిత్రుని పదకోశము ఇప్పుడు తకారమునకు వచ్చినది. తొవ్వ యనునది త్రోవనుండి వచ్చినదే గనుక త్రోవక్రిందనే చేర్చవలయునని నా మతము. పల్లెలో నెవ్వరును త్రోవ యనలేదు, తొవ్వకు దన చోటు దనకే యుండవలెనని యాయన పట్టు. నిన్న సాయంకాలమువరకు ఆ వాదము తెగలేదు.